బోర్డింగ్ పాస్ లేని బోర్డర్లు

మా సాతంరాయి మీదుగా పోయే కారు సాతంరాయిలో ఆగదు. ఆగిందంటే పంక్చరైనట్టే. ఆరాంఘర్ దాటి, గగన్‌పహాడ్ దాటి ఎయిర్‌పోర్టు వైపు ఉరికే బండ్లకు మా ఊరు ఒక పచ్చ బోర్డు, అంతకుమించి ఏమీ కాదు. 2008 మార్చి 23న శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు ఎగరడం మొదలైనప్పటి నుంచి మా పని ఒకటే: పోయేవాళ్లను చూడడం. ఎక్కడికి పోతున్నారో అడగం. అడిగినా అద్దం దించరు.

ఒక్కడు మాత్రం ఆగుతాడు. మా అక్క కొడుకు. నెలకోసారి సిటీ బస్సు దిగి, భుజాన సంచితో, "మామా, అత్త ఏం వండింది?" అనుకుంటూ వస్తాడు. వయసు ఇరవై తొమ్మిది. చదువు ఎమ్మే. వృత్తి ప్రిపరేషన్. చిరునామా: ఒక విశ్వవిద్యాలయంలో, ఒక హాస్టల్లో, ఒక గదిలో, ఒక మంచంలో, ఎడమ సగం. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే ఆ సగం కూడా పోతుంది.

వాడి హోదాకు హాస్టల్ భాషలో ఒక పేరుంది: నాన్‌బోర్డర్. సీటు వచ్చి, డిపాజిట్ కట్టి, రిజిస్టర్లో పేరెక్కినవాడు బోర్డర్. కోర్సు అయిపోయినా ఊరికి మొహం చూపించలేనివాడు, కోర్సులో ఉన్నా సీటు దొరకనివాడు, రాత్రి ఊరి నుంచి వచ్చి పొద్దున పరీక్ష రాయాల్సినవాడు, వీళ్లంతా నాన్‌బోర్డర్లు. రిజిస్టర్ ప్రకారం గదికి ఇద్దరు. రాత్రి పదకొండుకు నలుగురు. పెద్ద పరీక్ష ముందురోజు ఎందరో లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. మంచం మీద ఇద్దరు, మంచం కింద ఒకడు, మంచానికీ గోడకూ మధ్య ఒకడు. తనిఖీ వస్తోందని కబురు అందగానే చాపలు సజ్జ ఎక్కుతాయి, మనుషులు రీడింగ్ రూం ఎక్కుతారు. వార్డెన్ వచ్చి చూస్తే గదిలో ఇద్దరే. ఆయనకూ తెలుసు, వీళ్లకూ తెలుసు. రిజిస్టర్, గది ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా కాపురం చేస్తుంటాయి. మన పరిపాలన మొత్తం అలాంటి కాపురమే కనుక ఎవరూ విడాకులు అడగరు.

మావాడితో చదివి పదో తరగతి తప్పిన పిల్లవాడు ఇప్పుడు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతున్నాడు. రోజూ బోర్డింగ్ పాస్ ఉన్నవాళ్లను దింపి, వాళ్ల పెట్టెలు ఎత్తి, ఐదు నక్షత్రాలు అడుక్కుంటాడు. పది పాసై, ఇంటరు పాసై, డిగ్రీ, పీజీ పాసైనవాడు సగం మంచం అడుక్కుంటున్నాడు. చదువు విలువ ఎంతో ఇంతకంటే సులభంగా మా ఊరి పిల్లలకు ఏ మాస్టారూ చెప్పలేడు.

మా ఇంటి నుంచి పావుగంటలో ఎయిర్‌పోర్టు. సుమారు 5,500 ఎకరాలు. అక్కడ మనిషి ఉండేది రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం చల్లగాలి, మెత్తటి కుర్చీ, తాగేనీళ్లు, అద్దంలా తుడిచిన మరుగుదొడ్డి, ఫోనుకు ప్లగ్గు. ఇంకా సుకుమారులైతే లాంజ్. అక్కడ సోఫాలో కాళ్లు చాపుకుని, ఇష్టమైనంత తినొచ్చు. హాస్టల్లో మనిషి ఉండేది రెండేళ్లు, మూడేళ్లు. పీహెచ్‌డీ అయితే గైడుకే తెలియాలి. అన్నేళ్ల కోసం నడుములో గుంతపడ్డ ఇనుప మంచం, అద్దె కట్టని నల్లులు, మూడు స్పీడుల్లోనూ ఒకే స్పీడుతో తిరిగే ఫ్యాను, పొద్దున నాలుగింటికే బకెట్లు వరస కట్టే నల్లా. ఇక్కడ సూత్రం ఒకటి పట్టుకోండి: మన దగ్గర మనిషి ఎంత తక్కువసేపు ఆగితే అంత మర్యాద. రెండు గంటలు ఆగేవాడు అతిథి. రెండేళ్లు ఆగేవాడు బరువు.

ఎయిర్‌పోర్టుకు పోయే దారిలోనే ఇంకో పాఠం ఉంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల వంతెన, 2009లో తెరిచారు, పి.వి. నరసింహారావు పేరు పెట్టారు. 1938లో ఉస్మానియా హాస్టళ్ల పిల్లలు వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. వినలేదు. బయటికి పంపారు. ఆ గాలి వరంగల్ దాకా పోయింది. అక్కడ ఇంటరు చదువుతున్న పి.వి. కూడా ఆ గాలికే కొట్టుకుపోయి, నాగపూర్‌లో చదువుకోవలసి వచ్చింది. పిల్లవాణ్ణి గెంటడానికి ఒక సంతకం చాలింది. వాడి పేరు వంతెనకు రాయడానికి డెబ్బై ఒక్క ఏళ్లు పట్టింది. కాబట్టి వార్డెన్లకు నా సలహా: నాన్‌బోర్డర్‌ను గెంటేముందు మొహం ఒకసారి సరిగ్గా చూడండి. ఏ ఫ్లైఓవర్ ఎవరి పేరు కోసం ఎదురుచూస్తోందో తెలియదు.

అయితే అందరికీ వంతెన దాకా ఆయుష్షు ఉండదు. 2015 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టల్ నుంచి వెలేసింది. వాళ్లు ఆరుబయట డేరా వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న వాళ్లలో రోహిత్ వేముల ఒక స్నేహితుడి హాస్టల్ గదిలో కన్నుమూశాడు. ఆఖరుకు కూడా ఎరువు గదే. హాస్టల్ గది ఎంత ఇరుకైనా, దాని తాళంచెవి లాక్కోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఈ పేరా మీద జోకు వేసే చెయ్యి నాకు లేదు. ముందుకు పోదాం.

ఉస్మానియాలో హాస్టళ్లకు నదుల పేర్లు పెట్టే అలవాటు ఉంది. గోదావరి ఉంది. 2025 ఆగస్టులో ముఖ్యమంత్రి వచ్చి దుందుభి, భీమ ప్రారంభించారు. 80 కోట్లు పెట్టి 1,200 మందికి చోటు చేశారు. మంచి పని, చప్పట్లు కొట్టాల్సిందే, కొట్టాను. నదుల పేర్లు పెట్టడంలో ముందుచూపు కూడా ఉంది. నల్లా ఎండినా గోడ మీద నది పారుతూనే ఉంటుంది. 2024 ఏప్రిల్ చివర అదే ఉస్మానియాలో నోటీసు అంటించారు: నీళ్లు, కరెంటు కొరత ఉంది గనుక మే నెలంతా హాస్టళ్లు, మెస్సులు బంద్. ఆడపిల్లలు ఖాళీ బకెట్ల కోపంతో రోడ్డెక్కారు. నాయకులు వెంటనే వెతుకులాట మొదలుపెట్టారు. నీళ్ల కోసం కాదు, నిరుటి నోటీసు కోసం. పోయిన ప్రభుత్వంలోనూ ఇదే మాట రాశారని ఒకరు కాగితం చూపించారు. ఆ కాగితం కల్పించిందని ఇంకొకరు ఇంకో కాగితం చూపించారు. కేసు అయింది. ప్రతిపక్షం మనిషి ఒకాయన జైలుకు కూడా పోయాడు. ఎవరి హయాంలో నల్లా ముందు ఎండిందో తేల్చడానికి పోలీసులు, కోర్టులు, పార్టీలు చెమట కక్కాయి. ఆ చెమటను ట్యాంకులోకి మళ్లించినా ఒక ఫ్లోరు స్నానం చేసేది.

ఇక మెస్. విమానంలోకి చేతిసంచిలో బ్లేడు తీసుకుపోనివ్వరు. ఎక్స్‌రే మిషన్ పట్టుకుంటుంది, జవాను తీసి డబ్బాలో వేస్తాడు. 2025 మార్చిలో ఉస్మానియా న్యూ గోదావరి హాస్టల్లో బ్లేడు కూరలోనే వచ్చింది. అక్కడ మిషన్ లేదు, పళ్లే మిషన్. పిల్లలు కూర గిన్నె తెచ్చి రోడ్డు మీద పెట్టి కూర్చున్నారు. ఆ నెలలోనే విశ్వవిద్యాలయం సర్క్యులర్ తీసింది. బ్లేడ్ల మీద అనుకుంటారేమో. కాదు, ధర్నాల మీద, నినాదాల మీద. క్యాంపస్‌లో పదునైనవేవీ ఉండకూడదనుకున్నట్టున్నారు. గొంతులతో మొదలుపెట్టారు.

గొంతు చించుకున్నా ఏమవుతుందో బాసర చెప్పింది. 2022 జూన్‌లో అక్కడి ట్రిపుల్ ఐటీలో వేల మంది పిల్లలు వారం రోజులు ఎండకు ఎండి, వానకు తడిసి నేల మీద కూర్చున్నారు. మాకు పూర్తికాలపు వీసీ కావాలి, చెప్పే సార్లు కావాలి, తినగలిగే తిండి కావాలి అన్నారు. అప్పటి విద్యామంత్రికి అవి 'సిల్లీ' డిమాండ్లుగా కనిపించాయి. తర్వాత ఆమే రాత్రిపూట పోయి మాట్లాడి లేపాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాలీ చక్రం కీచుమందని ప్రయాణికుడు ఫోనులో నాలుగు ముక్కలు రాస్తే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబు వస్తుంది. చక్రానికి నోరుంది. పిల్లలకే లేదు.

తిండి లెక్క కూడా చూద్దాం. 2024 నవంబరు నుంచి తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటరు నుంచి పీజీ దాకా విద్యార్థికి నెలకు 1,500 రూపాయలున్న డైట్ చార్జీ 2,100 అయింది. నలభై శాతం పెంపు అని పేపర్ల నిండా రాశారు. నిజమే, వంక పెట్టడానికి లేదు. రోజుకు యాభై ఉన్నది డెబ్బై అయింది. ఆ డెబ్బైలో పొద్దున టిఫిను, పగలు బువ్వ, సాయంత్రం ఇంత చాయ్, రాత్రి మళ్లీ బువ్వ, మధ్యలో గుడ్డు, అప్పుడప్పుడు కోడికూర. పప్పు గంటెతో తిప్పితే గిన్నె అడుగు కనిపిస్తుంది. పారదర్శక పాలన అంటే అదే. మీకు ఆర్థికశాస్త్రం వంటబట్టాలంటే అదే డెబ్బై రూపాయలు జేబులో వేసుకుని ఎయిర్‌పోర్టు లోపల కాఫీ కౌంటర్ ముందు నిలబడండి. ధర బోర్డు చదవండి. తర్వాత గట్టిగా ఒకసారి ఊపిరి పీల్చండి. వాసనకు డబ్బులు తీసుకోరు.

ఇన్ని మాటలన్నాక ఎవరో ఒక పెద్దమనిషి గ్యారంటీగా లేస్తాడు. "మేమూ ఆ నీళ్లచారు తాగినవాళ్లమే" అంటాడు. ఆయన హాస్టల్ వదిలి ముప్పై ఏళ్లు. ఇప్పుడు ఆయన తాగే నీళ్ల సీసా మూత తీయడానికి కూడా ఒక మనిషి ఉన్నాడు. హాస్టల్ అంటే ఇదే విచిత్రం. ఉన్నవాడికి తిట్టు, వదిలేసినవాడికి కీర్తన. నల్లులు కుట్టినప్పుడు విద్యార్థి, కుట్టిన మచ్చ చూపించి ఓటడిగినప్పుడు నాయకుడు. అమెరికా నుంచి దిగిన పూర్వ విద్యార్థి మా సాతంరాయి మీదుగా ఏసీ కారులో పోయి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగి, "ఆ రోజులే వేరు" అని పెడతాడు. ఆ మెట్లకు అరకిలోమీటరు దూరంలో ఆ రోజులు వేరు కాలేదు, అవే ఉన్నాయి. పోయి చూడొచ్చు. చూస్తే జ్ఞాపకం పాడవుతుందని పోడు.

2017 ఏప్రిల్‌లో ఉస్మానియాకు శతాబ్ది ఉత్సవాలు చేశారు. రాష్ట్రపతి వచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి వేదిక మీద కూర్చున్నారు, మాట్లాడకుండానే దిగారు. తెలంగాణ ఉద్యమంలో ఆ హాస్టళ్ల పిల్లలు లాఠీలు తిని, బాష్పవాయువు మింగి తెచ్చిన రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఆయన. వాళ్ల ముందు నిలబడి ఒక్క మాట అనడానికి ధైర్యం చాలలేదు. ఎందుకంటే వాళ్లు అడిగే ప్రశ్న ఆయనకు తెలుసు. నోటిఫికేషన్లు ఏవి?

అసలు కథ అక్కడే ఉంది. హాస్టల్ చదువుకునే చోటని మీరనుకుంటున్నారు. ఎప్పుడో మారిపోయింది. అది ఇప్పుడు వెయిటింగ్ హాల్. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. ఎనిమిదేళ్లలో హాస్టల్లో ఒక తరం పోయి ఇంకో తరం వచ్చింది. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైంది, 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు రద్దు. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, పోస్టులు 563. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఫలితాలొచ్చాయి, మళ్లీ కోర్టు. 2025 సెప్టెంబరు చివర నియామక పత్రాలు చేతికొచ్చేసరికి, మొదటి ప్రిలిమ్స్ రాసినప్పుడు పుట్టిన పిల్లలు అంగన్‌వాడీకి పోతున్నారు.

విమానానికి వేరే శాస్త్రం ఉంది. ఆలస్యం ఒక హద్దు దాటితే ప్రయాణికుడికి తినడానికి, తాగడానికి ఇవ్వాలని, రాత్రిపూట ఆరు గంటలకు మించితే హోటల్ గది చూపించాలని పౌర విమానయాన డైరెక్టరేట్ నియమం రాసిపెట్టింది. ఆరు గంటలకు హోటల్ గది. మూడేళ్లకు మాత్రం "హాస్టల్ ఖాళీ చేయండి, మీ కోర్సు అయిపోయింది."

2025 డిసెంబరు మొదటి వారం. ఇండిగో విమానాలు వందలకొద్దీ రద్దయ్యాయి. శంషాబాద్‌లోనూ జనం సూట్‌కేసులకు తల ఆన్చి నేల మీద పడుకున్నారు. టీవీలు నిద్రపోలేదు. పార్లమెంటు నిద్రపోలేదు. టికెట్ ధరకు హద్దు పెట్టారు, డబ్బులు వాపసు ఇవ్వాలని గడువు పెట్టారు, విచారణ వేశారు. అన్నీ వారంలో. మావాడు ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ టీవీ చూస్తున్నాడు. నేల మీద పరుచుకున్న మనుషులను చూపిస్తుంటే అన్నాడు:

"చూసినవా మామా, వాళ్లు గూడ నాన్‌బోర్డర్లయిన్రు."

"పాపం రా, రాత్రంతా నేల మీదనే ఉన్నరట."

"అవ్ మామా, పాపమే. ఒక్క రాత్రికే ఇంత పాపమైతే, మాది లెక్కపెట్టెతందుకు మిషన్ గావాలె."

ఆ రాత్రే నేను కాగితం తీసి సర్కారుకు అర్జీ రాశాను. అయ్యా, కొత్త హాస్టళ్లు కట్టి ఖజానా ఖాళీ చేసుకోవద్దు. విశ్వవిద్యాలయాల పిల్లలందరినీ ఎయిర్‌పోర్టు డిపార్చర్ హాల్లో పెట్టండి. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్లు అక్కడ రెడీగా ఉన్నాయి. షరతులు ఇవి:

ఒకటి. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ప్రతి అభ్యర్థినీ విమానం ఆలస్యమైన ప్రయాణికుడిగా గుర్తించాలి. రద్దయితే హోటల్, లీకైతే లాంజ్.

రెండు. సామాను హద్దు అదే ఉండనీయండి, చేతిలో 7 కిలోలు, పెట్టెలో 15. మా పిల్లల సామాను అంత కాదు. ఒక పట్టా, రెండు జతల బట్టలు, పేజీలు చిరిగిన కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు. తొక్కులో నూనె తేలితే అది ద్రవమా ఘనమా అని జవానుతో వాదించే పని వాళ్లకు వదిలేయండి. గ్రూప్స్‌కు చదివినవాళ్లు, గెలుస్తారు.

మూడు. మెస్ కూరలన్నీ ముందు ఎక్స్‌రే మిషన్‌లో పోవాలి.

నాలుగు. వార్డెన్లకు గగనసఖుల శిక్షణ ఇప్పించాలి. ఎక్కువ వద్దు. గది తలుపు తీసినప్పుడు ఒక నమస్తే, ఖాళీ చేయించేటప్పుడు "మళ్లీ రండి."

అయిదు. మాజీ బోర్డర్లయిన మంత్రులు, ఎమ్మెల్యేలు ఏడాదికొక రాత్రి జ్ఞాపకాల నిమిత్తం ఒక నాన్‌బోర్డర్‌తో మంచం పంచుకోవాలి. కుడివైపు వాళ్ల ఇష్టం, ఎడమవైపు వాళ్ల ఇష్టం.

పొద్దున మావాడికి చదివి వినిపించాను. నవ్వాడు. సంచిలో అత్త పెట్టిన జొన్నరొట్టెలు సర్దుకుంటూ అన్నాడు:

"మంచిగ రాసినవ్ మామా. గని సోఫా ఎవలకు గావాలె?"

"మరేం గావాలెరా?"

"గాడ గోడకు ఒక బోర్డుంటది గద. ఏ విమానం ఎన్నింటికి, ఎంత లేటు, ఏ గేటు. లేటైనా కొత్త టైం ఏస్తరు. గా బోర్డొక్కటి మా హాస్టల్ గోడకు పెట్టుమను. సగం మంచమైనా ఎట్లనో గట్ల పంటం. ఎన్ని దినాలు పండాల్నో తెలుస్తది."

నా అయిదు షరతులూ కాగితం మీద చిన్నబోయాయి. ఇంతసేపూ నేను కుర్చీల మెత్తదనం కొలిచాను. వాడు అడిగింది ఒక్క గడియారం.

హైవే దాకా తోడు పోయాను. సిటీకి పోయే బస్సు నిండుకుండలా వచ్చింది. డ్రైవరు కనికరించి సగం ఆపాడు. మావాడు ఉరికి, ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో రొట్టెల సంచి పట్టుకుని ఫుట్‌బోర్డు మీద ఒక పాదం మోపాడు. రెండో పాదానికి జాగా లేదు. పైన ఒక విమానం చక్రాలు మడుచుకుని, చెప్పిన టైముకో, చెప్పి మార్చిన టైముకో, ఎగిరిపోయింది. బస్సు కదిలింది.

ఏ బోర్డైతేనేం, ఆ పూటకు మావాడు బోర్డరే.